అమ్మ ఎకోలో ఊపిరితిత్తుల ప్రెషర్ ఒకచోట 48, ఇంకోచోట 31. ఏది నమ్మాలి?

ఖమ్మం_కుర్రోడు
అమ్మకి 62 ఏళ్లు. బీపీ పదేళ్ల నుంచి ఉంది, మాత్ర వేసుకుంటుంది. పోయిన నెల పిత్తాశయంలో రాళ్లు అడ్డుపడి విపరీతమైన నొప్పి వస్తే అడ్మిట్ చేశాం. ఆపరేషన్‌కి ముందు టూడీ ఎకో (గుండె స్కాన్) తీశారు. అందులో "మైల్డ్ టీఆర్, మోడరేట్ పీఏహెచ్, ఆర్‌వీఎస్‌పీ 48" అని ఉంది. అది చూసి మత్తు డాక్టరు ఇప్పుడు ఆపరేషన్ వద్దు, ఊపిరితిత్తుల రక్తనాళంలో ప్రెషర్ ఎక్కువుంది అన్నారు. మందులిచ్చి నొప్పి తగ్గించి పంపేశారు. ఆ రాత్రి మా తమ్ముడు నెట్‌లో ఏవేవో చదివి ఒక్కటే ఏడుపు.

పన్నెండు రోజుల తర్వాత వేరే ల్యాబ్‌లో మళ్లీ తీయించాం. "ట్రివియల్ టీఆర్, నో పీఏహెచ్, ఆర్‌వీఎస్‌పీ 31". అదే అమ్మ, అదే గుండె. పన్నెండు రోజుల్లో 17 పాయింట్లు ఎక్కడికి పోయాయి? ఎవరిది తప్పు?

చింతచిగురు
రెండూ కలిపి రెండుతో భాగించు. 39.5. ఫీజు కూడా సగమే తీసుకుంటా.

పల్నాటి_పిల్ల
మొదటి ల్యాబ్ మీద కంప్లయింట్ పెట్టండి. మా ఇంట్లోనూ ఇలాగే భయపెట్టి నాలుగు టెస్టులు ఎక్కువ రాశారు.

ఎకోగది
కంప్లయింట్ తర్వాత. ముందు రెండు రిపోర్టుల్లో ఇవి వెతికి చెప్పండి: "టీఆర్ వీమ్యాక్స్" (కవాటం లీకు వేగం) లేదా "టీఆర్ పీజీ" (ఆ లీకు దగ్గర ఒత్తిడి తేడా) ఎంత? "ఐవీసీ" గురించి ఏమైనా రాశారా? "ఆర్ఏపీ" (గుండె కుడి పై గది ఒత్తిడి) అనే ముక్క ఎక్కడైనా ఉందా? నేను తొమ్మిదేళ్లుగా ఎకోలు తీస్తున్నాను. ఆర్‌వీఎస్‌పీ అంటే గుండె కుడి కింది గది ఒత్తిడి, ఊపిరితిత్తుల ప్రెషర్‌కి దాన్నే లెక్కేస్తాం. అది మిషన్ కొలిచే సంఖ్య కాదు. ఒకటి కొలిచి, ఇంకోటి ఊహించి, రెండూ కూడి రాస్తాం.

ఖమ్మం_కుర్రోడు
మొదటి దాంట్లో టీఆర్ వీమ్యాక్స్ 3.1, పక్కన "ఆర్ఏపీ 10" అని ఉంది. ఐవీసీ ఊసే లేదు. రెండో దాంట్లో టీఆర్ పీజీ 31, ఐవీసీ 1.6 సెం.మీ., "కొలాప్సింగ్" అని ఉంది. ఆర్ఏపీ లేదు.

"ఊహించి" అన్నారు చూడండి, అక్కడే నా గుండె జారింది.

లెక్కలమాస్టారు
దొంగ దొరికాడు. కాగితం తీసుకోండి.

గుండె కుడివైపు కింది గదికీ పై గదికీ మధ్య మూడు రెక్కల కవాటం ఉంటుంది. చాలామందిలో అది కొద్దిగా లీకవుతుంది, అదే టీఆర్. కింది గది బిగుసుకున్నప్పుడు ఆ సందులోంచి రక్తం వెనక్కి చిమ్ముతుంది. పొలంలో నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతాయో చూసి వెనక మోటారు ఒత్తిడి చెప్పొచ్చు కదా, ఇదీ అంతే. వేగాన్ని వేగంతో గుణించి, 4తో గుణిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా మిల్లీమీటర్లలో వస్తుంది. బెర్నూలీ సూత్రం. ఆ 4 ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఘనపు మీటరు రక్తం బరువు సుమారు 1060 కిలోలు, అందులో సగం 530, దాన్ని పాస్కల్స్ నుంచి పాదరసం మిల్లీమీటర్లకి మార్చడానికి 133తో భాగిస్తే 3.98. ఇంచుమించు 4.

ఇప్పుడు మొదటి రిపోర్టు: 3.1 × 3.1 × 4 = 38. దానికి పై గది ఒత్తిడి 10 కలిపారు. 48.
రెండోది: పీజీ 31. అంటే వేగం 2.8. వాళ్లు పై గది ఒత్తిడి కలపనే లేదు! 31నే ఆర్‌వీఎస్‌పీ అని రాసేశారు.

మీ 17లో 10 ఇలా కూడికలోనే పోయింది. అసలు కొలతలో తేడా 7.

ఎకోగది
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. కుడి పై గది ఒత్తిడి ఎంతో మేం ఐవీసీ చూసి అంచనా వేస్తాం. పొట్టలోంచి గుండెకి వెళ్లే పెద్ద సిర అది. ముక్కుతో గట్టిగా ఒక్కసారి గాలి పీల్చమంటాం, గుర్తుందా? సిర 2.1 సెం.మీ. లోపు ఉండి, పీల్చినప్పుడు సగానికి పైగా ముడుచుకుంటే 3 కలపాలి. లావుగా ఉండి ముడుచుకోకపోతే 15. మధ్యస్థంగా ఉంటే 8. చాలాచోట్ల ఇవేవీ చూడకుండా అందరికీ కళ్లు మూసుకుని 10 కలిపేస్తారు. ఇప్పటికీ.

అమ్మగారి ఐవీసీ 1.6, ముడుచుకుంటోంది. కాబట్టి 3. అప్పుడు మొదటిది 41, రెండోది 34.

చింతచిగురు
అంటే సగటు 37.5. నేను చెప్పిన 39.5కి రెండే తేడా. నన్ను ఎవరూ గుర్తించరు ఈ ఫోరంలో.

పల్నాటి_పిల్ల
అయినా 41కీ 34కీ తేడా ఉంది కదా. ఎవరో ఒకరు తప్పు తీసినట్టే.

ఎకోగది
కాదక్కా. వేగంలో తేడా 3.1కీ 2.8కీ మధ్య, అంటే సెకనుకి 0.3 మీటర్లు. ఒకే మనిషికి ఒకే రోజు ఇద్దరు తీసినా అంత తేడా రావచ్చు. కానీ దాన్ని వర్గం చేసి 4తో గుణిస్తాం కాబట్టి చిన్న తప్పు పెద్దదై కూర్చుంటుంది.

ఇంకోటి, రక్తం చిమ్మే దిక్కుకి ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే పరికరం) సూటిగా ఉండాలి. 20 డిగ్రీలు పక్కకి పోయినా వేగం 6 శాతం తగ్గి కనిపిస్తుంది, ఒత్తిడి దాదాపు 12 శాతం తగ్గుతుంది. అందుకే మూడు నాలుగు చోట్ల నుంచి చూసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన శుభ్రమైన కొలత తీసుకోవాలి. శుభ్రమైన అని ఎందుకన్నానంటే, గెయిన్ (సిగ్నల్ పెంచే మీట) ఎక్కువ పెడితే తెర మీద గ్రాఫ్ అంచుకి నూగునూగుగా వెంట్రుకల్లాంటివి వస్తాయి. మాకు నేర్పిన సార్ అనేవారు, "చుబుకం కొలవండి, గడ్డం కాదు" అని. గడ్డం కొలిస్తే 2.8 మనిషికి 3.1 వస్తుంది. సాయంత్రం ఆరింటికి నలభయ్యో పేషెంటుకి ఎవరు కొలుస్తున్నారో మాకే తెలీదు, చుబుకమో గడ్డమో.

మత్తుసూది
నేను అనస్థీషియా. మీ అమ్మగారిని ఆపింది నేను కాదులెండి, నన్ను తిట్టకండి.

మొదటి ఎకో తీసిన రోజు ఆవిడ పరిస్థితి ఏంటి? జ్వరం ఉందా? సెలైన్ ఎక్కుతోందా? హిమోగ్లోబిన్ ఎంత?

ఖమ్మం_కుర్రోడు
జ్వరం 102. నొప్పితో మెలికలు తిరుగుతోంది. పొద్దున్నుంచి మూడు సెలైన్ సీసాలు. హిమోగ్లోబిన్ 9.2. మంచం మీదే తీశారు ఎకో, సరిగ్గా పక్కకి తిరగలేకపోయింది కూడా.

మత్తుసూది
మరింకేం. జ్వరం, నొప్పి, రక్తహీనత, పైన సెలైన్. గుండె పరుగెడుతూ ఎక్కువ రక్తం తోస్తుంటే ఊపిరితిత్తుల నాళంలో ఒత్తిడి ఆ పూటకి పెరుగుతుంది. కాబట్టి మొదటివాళ్లు కొలిచింది కొంత నిజమే అయ్యుండొచ్చు. 10 కలపడం వేరే సంగతి.

ఆపడం మాత్రం తప్పని నేను అనను. లాపరోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. రక్తంలో అది పెరిగినా, ఆక్సిజన్ తగ్గినా ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయి. నిజంగా ప్రెషర్ ఎక్కువున్న మనిషికి కుడి గుండె అక్కడే చేతులెత్తేస్తుంది. "మోడరేట్ పీఏహెచ్" అన్న కాగితం చేతిలో పెట్టుకుని అర్ధరాత్రి మత్తిచ్చే ధైర్యం నాకూ లేదు. కానీ నేనైతే సంఖ్య ఒక్కటే చూడను. కుడి గదులు పెద్దవయ్యాయా, మధ్య గోడ ఎడమవైపుకి నొక్కుకుపోయిందా, టాప్సీ ఎంత, ఇవి చూస్తాను.

చింతచిగురు
రిపోర్టులో హీరోయిన్ ఎందుకుంది డాక్టరుగారూ?

మత్తుసూది
ప్రతి బ్యాచ్‌లో ఎవడో ఒకడు ఈ జోకు వేస్తాడు. కుడి కింది గది కొట్టుకున్నప్పుడు కవాటం అంచు ఎంత దూరం కదులుతుందో ఆ కొలత. 17 మి.మీ. కన్నా తక్కువైతే ఆ గది నీరసపడిందని అర్థం.

ఖమ్మం_కుర్రోడు
టాప్సీ 22. "ఆర్ఏ, ఆర్‌వీ నార్మల్ సైజ్" అని రెండింట్లోనూ ఉంది. "గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్" కూడా రెండింట్లోనూ ఉంది. ఈఎఫ్ (ఎడమ గుండె ఒక్కో దెబ్బకి తోసే రక్తం శాతం) 62.

మత్తుసూది
అయితే ఊపిరి పీల్చుకోండి. 2022లో యూరప్ వాళ్లు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ కూడికే వద్దన్నారు. ఉత్త వేగం చూడండి చాలు అన్నారు. 2.8 దాకా ఉండి ఇంకే గుర్తులూ లేకపోతే ఈ జబ్బు ఉండే అవకాశం తక్కువ. 2.9 నుంచి 3.4 మధ్య అయితే ఇంకా వివరంగా చూడాలి. 3.4 దాటితే అవకాశం ఎక్కువ. పై గది ఒత్తిడి ఊహలోనే సగం తప్పులు వస్తున్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టారు.

తణుకు_తమ్ముడు
తెల్లమద్ది బెరడు కషాయం పొద్దున్నే పరగడుపున. మా తాత 91 ఏళ్లు బతికాడు. ఎకో గికో ఏమీ లేవు.

లెక్కలమాస్టారు
తమ్ముడూ, మీ తాతగారికి ప్రెషర్ ఉందని ఎవరు కొలిచారు మరి?

తణుకు_తమ్ముడు
అదే కదా చెప్తున్నా, కొలవలేదు కాబట్టే బతికాడు.

నైట్‌డ్యూటీ
నవ్వులు బాగానే ఉన్నాయి గానీ ఈ థ్రెడ్ చదివి ఎవరైనా "ఎకోలో తక్కువ వస్తే ఏం కాదు" అనుకుంటారేమో అని రాస్తున్నా.

మా నాన్నకి కాలు విరిగి కట్టు కట్టి పడుకోబెట్టినప్పుడు పిక్కలో రక్తం గడ్డకట్టింది. మందులు వాడారు, తగ్గిందన్నారు. తర్వాత ఆరు నెలలకి మేడ మెట్లెక్కితే ఆయాసం. ఎకో తీస్తే "ట్రివియల్ టీఆర్, నో పీఏహెచ్". ఆస్తమా అన్నారు, ఇన్హేలర్ ఇచ్చారు. ఏడాది పీల్చాడు. ఒకరోజు బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయాడు. వేరే ఊళ్లో తీసిన ఎకోలో కుడి గుండె ఎడమదాని కన్నా పెద్దదిగా ఉంది. టీఆర్ 4.2. మాస్టారి లెక్కలో చూసుకోండి.

ఊపిరితిత్తుల నాళాల్లో పాత గడ్డలు గోడలకి అతుక్కుని మిగిలిపోయాయట. వీక్యూ స్కాన్ (ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూసేది) తీసి తేల్చారు. ఒళ్లంతా 20 డిగ్రీల దగ్గరికి చల్లబరిచి, రక్తప్రసరణ కాసేపు పూర్తిగా ఆపి, ఆ గడ్డల్ని నాళం లోపలి పొరతో సహా ఒలిచి తీశారు. ఇప్పుడు నాన్న పొలం వెళ్తున్నాడు. కానీ ఆ ఏడాది ఎవరిస్తారు?

లెక్కలమాస్టారు
4.2 × 4.2 × 4 = 70కి పైన. అమ్మో.

ఎకోగది
నైట్‌డ్యూటీ అన్నా, మీ బాధ అర్థమైంది. మా తప్పు కూడా ఉంది ఇందులో. లీకు బాగా చిన్నదైతే జెట్ (వెనక్కి చిమ్మే ధార) సరిగ్గా దొరకదు. అప్పుడు "కొలవలేకపోయాం" అని రాయాలి. మేం "నో పీఏహెచ్" అని రాసేస్తాం. ఈ రెండూ ఒకటి కాదు. జెట్ దొరకనప్పుడు ఊపిరితిత్తుల నాళంలోకి రక్తం ఎంత చప్పున వేగం అందుకుంటోందో చూడొచ్చు. 105 మిల్లీసెకన్ల లోపే శిఖరానికి చేరితే అనుమానించాలి. సెలైన్‌ని గాలితో గిలక్కొట్టి నరంలోకి ఎక్కిస్తే బుడగల వల్ల జెట్ స్పష్టంగా కనిపిస్తుంది. ఇవన్నీ చేసే తీరిక ఉండదు.

నైట్‌డ్యూటీ
తీరిక లేకపోతే "నో" అని రాయకండి. అంతే నేను అడిగేది.

ఎకోగది
ఒప్పుకుంటున్నా.

డల్లాస్_బావ
ఇక్కడా పెద్ద గొప్పేం కాదు. మా ఆవిడకి స్క్లెరోడెర్మా, చర్మం బిగుసుకుపోయే జబ్బు. ఆ జబ్బున్నవాళ్లకి ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఏటా ఎకో తీస్తారు. రెండేళ్లు వరసగా "జెట్ చాలనందున అంచనా వేయలేకపోయాం" అనే రాశారు. మూడో ఏడు వేగం 3.0. దాంతోపాటు రక్తపరీక్ష, ఊపిరితిత్తుల్లోంచి గ్యాసు దాటే పరీక్ష కూడా తేడాగా వచ్చాయి. అప్పుడు కుడివైపు క్యాథ్ చేశారు. మెడ దగ్గర సిరలోంచి సన్నటి గొట్టం గుండె దాటించి ఊపిరితిత్తుల నాళంలోకి పంపి నేరుగా కొలుస్తారు. యాంజియోగ్రామ్ అనుకుని మా అత్తగారు స్టెంట్ వేశారా అని ఇప్పటికీ అడుగుతారు.

అక్కడ తేలింది, సగటు ఒత్తిడి 31. ఎకోలో వచ్చేది పై సంఖ్య, క్యాథ్‌లో నిర్ధారణకి చూసేది సగటు. ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చి నేను వారం రోజులు కంగారు పడ్డాను.

పల్నాటి_పిల్ల
అయితే అందరికీ నేరుగా క్యాథే చేసెయ్యొచ్చు కదా? ఈ ఊహల గోల ఎందుకు?

మత్తుసూది
మొట్టికాయతో పోయేదానికి కత్తి తీయకూడదమ్మా. క్యాథ్ అంటే గుండెలోకి గొట్టం. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి సిరలోంచి తన గుండెలోకే గొట్టం తోసుకుని, ఎక్స్‌రే గది దాకా నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. పైవాళ్లు చీవాట్లు పెట్టారు. 1956లో అదే పనికి నోబెల్‌లో వాటా వచ్చింది. ఇప్పుడు బాగా సురక్షితమే, అయినా పరీక్షకి వచ్చిన ప్రతి మనిషికీ చేసే పని కాదు. 1984లో స్టాన్‌ఫర్డ్‌లో యాక్, పాప్ అనే ఇద్దరు ఈ లీకు లెక్క క్యాథ్‌తో సరిపోలుతోందని చూపించాకే ఎకో ఇంతగా వ్యాపించింది. గుంపు మీద బాగానే సరిపోలుతుంది. ఒక్కొక్క మనిషి దగ్గరికొచ్చేసరికి 10 పాయింట్లు అటూ ఇటూ పోవడం మామూలే. జల్లెడ అనుకోండి. బియ్యం ఉడికాయో లేదో జల్లెడ చెప్పదు.

లెక్కలమాస్టారు
మత్తుసూది గారి పోలిక నాకు అర్థం కాలేదు గానీ బాగుంది.

డల్లాస్_బావ
ఇంకో మాట. రిపోర్టుల్లో అందరికీ "పీఏహెచ్" అని కొట్టేస్తున్నారు. మా ఆవిడదే నిజమైన పీఏహెచ్, అంటే నాళాలకే జబ్బు. మిగతావాళ్లలో చాలామందికి ప్రెషర్ పెరిగేది ఎడమ గుండె వల్లో, ఊపిరితిత్తుల వల్లో. దాన్ని పీహెచ్ అనాలి. ఒక్క అక్షరం తేడా, నెట్‌లో వెతికితే వచ్చే భయం మాత్రం వేరు. కుర్రోడి తమ్ముడు చదివి ఏడ్చింది బహుశా మా ఆవిడ జబ్బు గురించే.

ఖమ్మం_కుర్రోడు
నిజమే అన్నా. అవే పేజీలు.

గోదావరి_గట్టు
ఎడమ గుండె అంటే గుర్తొచ్చింది. మా పిన్నికి చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి ఎడమవైపు మైట్రల్ కవాటం ముడుచుకుపోయింది. రెండో కాన్పుకి ఆయాసంతో పడుకోలేకపోయేది. ఊపిరితిత్తుల ప్రెషర్ 80 అన్నారు. కాలువకి దిగువన తూము మూసుకుపోతే ఎగువన గట్లు తెగినట్టే అని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. బెలూన్‌తో కవాటం వెడల్పు చేశాక కొన్ని నెలలకి 45కి దిగింది. ఊపిరితిత్తులకి ఏ మందూ ఇవ్వలేదు.

రావులపాలెం_రాజు
మా మామయ్యకి ఎకోలో 50 అని చూసి సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందే) రాశారు. మెడికల్ షాపులో కుర్రాడు చీటీ చూసి మామయ్యని, మామయ్యని చూసి చీటీని చూశాడు. ఆయన వయసు 74. అప్పట్నుంచి మందులు తేవడానికి నన్నే పంపుతున్నాడు.

మత్తుసూది
నవ్వొచ్చింది గానీ, ఆయనకి గుండెపోటు, బీపీ ఏమైనా ఉన్నాయా? ఎడమ గుండె వల్ల పెరిగిన ప్రెషర్‌కి ఆ మందు వాడమని ఎవరూ చెప్పరు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా వాడుతుంటే మాత్రం ఈ రెండూ కలవకూడదు, బీపీ ఢమాల్న పడిపోతుంది. రేపే కార్డియాలజిస్టుని అడగండి.

రావులపాలెం_రాజు
నాలుక కింద మాత్ర జేబులోనే ఉంటుంది ఆయనకి. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

పల్నాటి_పిల్ల
కుర్రోడూ, ఒక్క ప్రశ్న. మీ అమ్మగారు గురక పెడతారా? బరువు ఎంత? మా ఆడపడుచుకి ఇలాగే కొద్దిగా ఎక్కువ వచ్చి, చివరికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అని తేలింది.

ఖమ్మం_కుర్రోడు
81 కిలోలు. గురక అంటారా, నాన్న పదిహేనేళ్లుగా హాల్లో పడుకుంటున్నారు. కారణం వాస్తు అని చెబుతారు అందరికీ.

మత్తుసూది
పల్నాటి అక్కకి ఫీజు ఇవ్వాలి మనం. మత్తిచ్చేవాడికి ఆ గురక సంగతి 48 కన్నా ముఖ్యం. తప్పకుండా చెప్పండి వాళ్లకి.

ఖమ్మం_కుర్రోడు
అప్‌డేట్. జ్వరం, నొప్పి లేవు, ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ 10.8. మూడోసారి ఎకో, ఈసారి కార్డియాలజిస్టే స్వయంగా తీశారు. నేను పక్కనే నిలబడి ఐవీసీ చూశారా సార్ అని అడిగితే అదోలా చూశారు. టీఆర్ 2.7, ఐవీసీ 1.5 ముడుచుకుంటోంది, ఆర్‌వీఎస్‌పీ 32. కుడి గదులు నార్మల్. బీపీ మందు కొంచెం పెంచారు. గురక సంగతి చెప్పాను, స్లీప్ స్టడీ ఆపరేషన్ తర్వాత చేద్దామన్నారు, మత్తు డాక్టరు మాత్రం ఆ రాత్రి ఐసీయూలోనే ఉంచుతానన్నారు.

ఆపరేషన్ నిన్న అయింది. రాళ్లు పదకొండు. డబ్బాలో వేసి ఇచ్చారు, అమ్మ చుట్టపక్కాలందరికీ చూపిస్తోంది.

లెక్కలమాస్టారు
2.7 × 2.7 × 4 = 29, ప్లస్ 3, 32. ఎవరో సరిగ్గా కూడారు. సంతోషం.

చింతచిగురు
48, 31, 32. సగటు 37. నేను ఇంకా పోటీలోనే ఉన్నాను.

కొత్తగూడెం_కోడలు
ఇదంతా ఇప్పుడే చదివి మా మామగారి రిపోర్టు తీశాను. పోయిన ఏడాదిది. ఆయన బొగ్గుగనిలో పనిచేశారు. టీఆర్ వీమ్యాక్స్ 3.9 అని ఉంది, కింద "మైల్డ్ పీఏహెచ్" అని రాశారు. అందుకే ఎవరం పట్టించుకోలేదు. ఈమధ్య కాళ్లు వాస్తున్నాయి.

లెక్కలమాస్టారు
3.9 × 3.9 × 4 = 61. ఇంకా ఏమీ కలపకుండానే.

మత్తుసూది
అది మైల్డ్ కాదమ్మా. కాళ్ల వాపు కూడా ఉందంటున్నారు. పాత ఎకోలన్నీ, ఛాతీ ఎక్స్‌రే ఉంటే అదీ పట్టుకుని రేపు పొద్దున్నే కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రికి ఆయాసం ఎక్కువైతే పొద్దుటి దాకా ఆగకండి.

కొత్తగూడెం_కోడలు
సరేనండి. మా ఆయన్ని లేపుతున్నా.